సాయవ్వ నడక

జపాను విమానాలు వచ్చి బాంబులు వేస్తాయని బొంబాయి సగం ఖాళీ అవుతున్న రోజుల్లో, 1942 మాఘమాసంలో, భూపతి ఒక రేకుపెట్టె, గోనెసంచిలో చుట్టిన ఒక చెక్కబల్ల పట్టుకుని సిద్దిపేటలో బస్సు దిగాడు. ఆ ఊరు వదిలి పదకొండేళ్లయింది. పోయేటప్పుడు పద్నాలుగేళ్లవాడు. ఇప్పుడు పాతికేళ్ల మనిషి.

అతనికి అక్క తప్ప ఎవరూ లేరు. రెండేళ్ల వయసులో ఉండగా ఊరంతా పడ్డ పెద్దజ్వరాల్లో తల్లీ తండ్రీ వారం తేడాతో పోయారు. పదిహేనేళ్లు పెద్దదైన సాయవ్వ అప్పటికే అత్తగారింట్లో ఉంది. తమ్ముణ్ణి చంకనేసుకుని వెంట తీసుకుపోయింది. తర్వాత భర్త కూడా పోతే, కూతురు అంజవ్వనూ తమ్ముణ్ణీ తీసుకుని సిద్దిపేట చేరింది. తెల్లవారుతూనే గుట్టలకు పోయి కట్టెలు కొట్టుకురావడం, పొద్దెక్కాక మోపు నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మడం. అలాగే ఇద్దరినీ పెంచింది. అంజవ్వకు ఈమధ్యనే చింతమడకలో సంబంధం చూసి పెళ్లి చేసింది. చిన్నప్పుడు భూపతి బొగ్గుముక్క దొరికితే చాలు, ఎవరి గోడ అని చూడకుండా బొమ్మలు గీసేవాడు. తిట్లు తిని తిని, చివరికి వీధిలో నేతపని చేసే సాలోళ్లు బొంబాయి మిల్లులకు పోతుంటే వాళ్లవెంట పంపింది.

మిల్లులో అతను నెల రోజులు కూడా నిలవలేదు. సినిమా బోర్డులకు రంగులు వేసేవాళ్ల దగ్గర చేరాడు. అక్కణ్ణుంచి, కదిలే బొమ్మలు తయారుచేసే ఒక చిన్న కార్ఖానాకు పోయాడు. మొదట్లో అక్కడ అద్దంలాంటి పలకలు కడిగేవాడు. తర్వాత పెద్ద ఆర్టిస్టు గీసిన రెండు బొమ్మల నడుమ బొమ్మలు గీసేవాడు. చివరికి ఒక పాత్రను మొత్తంగా నడిపించే పని అతని చేతికి వచ్చింది. అంతలో యుద్ధభయం. కార్ఖానా యజమాని, అందరూ సేఠ్ అనే మరాఠీ మనిషి, ఒక్కొక్కరికీ ఒక్కొక్క పాత్రను పంచి, "ఊళ్లకు పోండి. అక్కడే గీసి పార్సిలు చేయండి," అన్నాడు. ఏడు నిమిషాల నవ్వుల చిత్రం అది. ఒక ముసలవ్వ, ఆమె మేక. మేకను బందెలదొడ్డిలో పెడతారు. ముసలవ్వ దాన్ని విడిపించుకోవడానికి పోతుంది. భూపతి వంతుకు ముసలవ్వ వచ్చింది.

"బొంబాయిల ఏం పని చేస్తవురా తమ్మీ?" అని సాయవ్వ అడిగింది, వచ్చిన రోజే, అన్నం పెడుతూ.

"బొమ్మలు గీస్తనక్కా."

"గీడున్నప్పుడు గూడ గదే గీస్తుంటివి. దానికి బొంబాయి దాంక పోవాల్నా?"

భూపతి నవ్వి, పెట్టెలోంచి ఒక కాగితాల కట్ట తీశాడు. ఒక కొనను బిగించి పట్టుకుని రెండో కొనను బొటనవేలితో జారవిడిచాడు. కాగితాల మీద ఒక కొంగ రెక్కలు చాచి లేచి ఎగిరిపోయింది. సాయవ్వ గరిటెను అలాగే గాల్లో పట్టుకుని చూసింది. కట్టను తిప్పి వెనకవైపు ఏముందోనని చూసింది.

"ఇంకోపారి ఎగిరియ్యి," అంది.

ఆ సాయంత్రంలోగా కొంగ నలభైసార్లయినా ఎగిరి ఉంటుంది.

మర్నాటి నుంచి భూపతి పని పెట్టుకున్నాడు. చెక్కబల్ల నడుమ చతురస్రంగా కోసి అద్దం బిగించి ఉంది. కార్ఖానాలో అయితే కింద కరెంటు దీపం వెలిగేది. ఇక్కడ దీపం లేదు కాబట్టి సంతలో ఒక ముఖం చూసుకునే అద్దం కొని, ఎండ దానిమీద పడి పైకి కొట్టేలాగా గడప దగ్గర నిలబెట్టాడు. కాగితాలకు పైన రెండు చిల్లులు. బల్లకు రెండు చెక్కమేకులు. ఒక కాగితం మీద ఇంకో కాగితం పెడితే కిందది పైకి మసకగా కనిపిస్తుంది. దాన్ని చూస్తూ, వెంట్రుకవాసి జరిపి మరొకటి గీయాలి. ప్రతి కాగితం మూలన అంకె, తేదీ వేయాలి. అది కార్ఖానా కట్టుబాటు.

ముసలవ్వ రూపం బొంబాయిలోనే ఖరారైంది. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఎట్లా ఉంటుందో సేఠ్ ఒక కాగితం మీద గీయించి ఇచ్చాడు. పొడుగాటి ముక్కు, పళ్లు లేని నోరు, మోకాళ్ల దాకా వేలాడే చేతులు. భూపతి చేయాల్సింది ఆమెను నడిపించడం. అడుగుకు పన్నెండు బొమ్మలు. మొదట మడమ నేలకు ఆనేది ఒకటి, రెండో మడమ ఆనేది ఒకటి గీసుకోవాలి. ఆ రెంటి నడుమ కాలు కాలును దాటేది ఒకటి. తర్వాత ఆ మూడింటి నడుమ ఖాళీలు నింపుకుంటూ పోవాలి.

వారంలో అరవై బొమ్మలు గీశాడు. జారవిడిచి చూశాడు. ముసలవ్వ నూనె పోసిన గచ్చుమీద జారుతున్నట్టు పోయింది. ఒంటికి బరువు లేదు. తనే వీపు వంచి వాకిట్లో నడిచి చూశాడు, గడప దగ్గరి అద్దంలో కాళ్లు చూసుకున్నాడు. మళ్లీ గీశాడు. మళ్లీ అదే జారుడు. కట్టంతా చింపేశాడు.

ఆ మధ్యాహ్నం కట్టెలమోపు దింపి సాయవ్వ ఇంట్లోకి వస్తుంటే తల ఎత్తాడు. మోపు దింపినా ఆమె మెడ ఇంకా మోస్తూనే ఉంది. నలభై నిండి ఏడాది కాలేదు, నడక చూస్తే అరవైయేళ్ల మనిషిది. అడుగు వేసేముందు పాదం నేలను ఒక్క క్షణం తడిమి, ఆ తర్వాతే బరువు ఒప్పజెబుతుంది. భూపతి పెన్సిలు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అక్కా, మల్లొక్కపారి బయటికి పోయి లోపటికి రా."

"ఎందుకురా?"

"నీ నడక గీస్త."

సాయవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అయినా పోయింది, వచ్చింది.

అట్లా మొదలైంది. రోజూ మధ్యాహ్నం మోపు అమ్ముకొచ్చి, జొన్న గటక తాగి, కాసేపు కూచున్నాక, గడప నుంచి, వాకిలి మూలన నీళ్లు పోసుకునే జాలాట్లో బండ దాకా పన్నెండడుగులు నడిచేది. తిరిగి వచ్చేది. భూపతి నేలమీద మోకాళ్లు ఆనించి, తల ఆమె పాదాలంత ఎత్తుకు వంచి చూసేవాడు. సేఠ్ ఇచ్చిన గడియారం ఎడమచేతిలో టిక్కుటిక్కుమనేది. పక్కింటి సాయిబుల ఆడవాళ్లు గోడమీంచి తొంగి చూసి, సాయవ్వ తమ్ముడికి బొంబాయి నీళ్లు పడలేదని చెప్పుకున్నారు.

"యాష్టకొస్తుందిరా," అనేది ఆమె ఒక్కోసారి. "పొద్దుగాల గుట్టకు నడిస్తి, ఊరంత నడిస్తి. ఇంటికొచ్చినంక గూడ నడుసుడేనా?"

"ఒక్కపారి అక్కా. గీ ఒక్కపారి."

అంటూనే నడిచేది. సాయంత్రానికి కట్ట సిద్ధం చేసి చూపిస్తే, పళ్లు లేని ఆ ముక్కుముసలిది తనలాగే పాదం తడిమి తడిమి నడుస్తుంటే, సాయవ్వకు నవ్వు ఆగేది కాదు. "గీ ముక్కేంది గిట్లున్నది!" అనేది. తమ్ముడు పదకొండేళ్ల తర్వాత ఇంట్లో కూచుని తనవైపే చూస్తుండటం ఆమెకు ఎంత సంబురంగా ఉందో ఎవరికీ చెప్పలేదు.

జూన్ మొదటివారంలో ఒక రోజు గుట్టమీద ఆమె కుడిపాదంలో తుమ్మముల్లు దిగింది. ఇంటికొచ్చి పిన్నీసుతో తీసుకుంది. "సగం లోపట్నే ఇరిగినట్టున్నది," అంది. భూపతి పెన్సిలు చెక్కుకుంటూ ఊ కొట్టాడు. ఉప్పునీళ్లు పోసుకుని ఆమె మర్నాడు మళ్లీ గుట్టకు పోయింది.

పదకొండో తేదీన, ఎప్పటిలాగే గడప నుంచి బండ దాకా నడిచింది. భూపతి మోకాళ్ల మీద వంగి చూస్తున్నాడు. మూడో అడుగు దగ్గర అతని చెయ్యి ఆగింది. కుడిమడమ నేలకు ఆనలేదు. పాదం అంచు మాత్రం తగిలి, వెంటనే ఎడమకాలు దబ్బున ముందుకు పడింది. ఆ పడటంలో నడుము ఒక పక్కకు ఒరిగింది, ఎడమచెయ్యి గాల్లో చిన్నగా లేచి దిగింది. ఒక అడుగు పొడుగు, ఒక అడుగు పొట్టి. ఒకటి బరువు, ఒకటి తొందర.

అతను నాలుగు నెలలుగా వెతుకుతున్నది అదే. ఆ రోజు అన్నానికి లేవలేదు. ఎండ గడప దాటేదాకా గీశాడు. అరవై రెండో అంకె వేసిన కాగితం నుంచి ముసలవ్వ నడక మారిపోయింది. కట్టను జారవిడిస్తే ఆమె ఇప్పుడు జారడం లేదు. కోపంతో, పట్టుదలతో, మేకకోసం నడుస్తోంది. భూపతి ఒక్కడే పకపకా నవ్వాడు.

మర్నాడు సాయవ్వ నడిచింది. రెండడుగులూ సమంగా పడ్డాయి.

"అట్ల కాదక్కా. నిన్నటి లెక్క నడువు."

"నిన్న ఎట్ల నడిచిన?"

"కుడికాలు జర ఎత్తినట్టు."

"గదా." సాయవ్వ తల వంచుకుంది. "నిన్న కాలు గుంజిందిరా. నలుగురు సూస్తే కుంటిది అంటరని ఇయ్యాల సక్కగ నడుస్తున్న."

"గట్లనే గుంజినట్టు నడువు. గదే మంచిగున్నది."

ఆమె అతని మొహం వైపు చూసింది. తర్వాత గడప దగ్గరికి పోయి, పళ్ల బిగువున సమంగా వేస్తున్న అడుగును వదిలేసి, కాలు ఎట్లా పడదామంటే అట్లా పడనిచ్చింది.

"గిట్లనేనా?"

"గట్లనే!" అన్నాడు భూపతి, సంతోషం పట్టలేక.

ఆ కట్టకు సాపు నకలు తీసి బొంబాయి పంపాడు, చిత్తుకట్టను ఎప్పటిలాగే పెట్టెలో దాచుకున్నాడు. పదిహేను రోజులకు సేఠ్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ముసలవ్వ బతికింది, ఆ కుంటి అడుగుతోనే బతికింది, మొదటి నుంచి చివరిదాకా అట్లాగే ఉంచు, అని రాశాడు. భూపతి ఆ ఉత్తరం అక్కకు చదివి వినిపించాడు. కుంటి అన్నమాట దగ్గర మాత్రం గొంతు తగ్గించాడు.

వానాకాలమంతా పని సాగింది. ముసలవ్వ గట్టెక్కే నడక, బురదలో నడక, పటేలును తిట్టుకుంటూ పోయే నడక. అన్నింటికీ సాయవ్వ నడిచింది. శ్రావణంలో ఆమె పాదానికి గుడ్డ చుట్టుకోవడం మొదలుపెట్టింది. వానకు కాళ్లు ఒరుస్తున్నాయని చెప్పింది. భాద్రపదంలో గుట్టకు పోవడం మానేసి, ఇంటి దగ్గరే విస్తర్లు కుట్టసాగింది. భూపతికి అది మేలే అనిపించింది. ఇప్పుడు మధ్యాహ్నం దాకా ఆగకుండా, ఎండ బాగున్నప్పుడే ఆమెను నడిపించుకోవచ్చు. చివరి కట్ట బతుకమ్మ పండుగకు వారం ముందు పార్సిలు చేశాడు.

పండుగకు చింతమడక నుంచి అంజవ్వ వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల. వచ్చిన రోజే తల్లికి తలంటు పోస్తానని జాలాట్లో కూచోబెట్టింది. కాళ్లమీద నీళ్లు పోస్తూ పాదానికున్న గుడ్డ విప్పబోయింది. సాయవ్వ వద్దంది. అంజవ్వ వినలేదు.

లోపల కాగితాలు సర్దుకుంటున్న భూపతికి ఆమె కేక వినిపించింది.

"అవ్వా! గిదేందే! మామా, ఉరికి రా, మామా!"

పాదం రెండంతలు వాచి ఉంది. మడమ పక్కన మూడుచోట్ల చిల్లులు పడి చీము కారుతోంది. చీములో నల్లటి నలుసులు. చర్మం గట్టిపడి, చెక్కలాగా అయింది. భూపతి వాకిలి స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు.

అంజవ్వ తల తిప్పి అతన్ని చూసింది. "ఇంట్లనే ఉంటివి గదా మామా. పొద్దస్తమానం అవ్వ కాళ్ల దిక్కే సూసుకుంట కూసుంటడని అందరంటున్నరు. గిది కానరాలేదా?"

సాయవ్వే కల్పించుకుంది. "వాన్నెందుకంటవే. నేనే చెప్పలే. ముల్లు గుచ్చుకుంటే మానదా ఏంది అనుకున్న."

మర్నాడు బండి కట్టించుకుని దవాఖానకు పోయారు. డాక్టరు పాదాన్ని అటూ ఇటూ తిప్పి నొక్కి చూశాడు. ముల్లు వెంట మట్టిలోని పురుగేదో లోపలికి పోయిందనీ, అది మెల్లమెల్లగా ఎముకను తింటోందనీ చెప్పాడు.

"ఎప్పటి సంది కుంటుతున్నవు అవ్వా?"

"గిప్పుడిప్పుడే సారూ. నెల కింద్నుంచి."

"నెల కాదు. ఇంకా ముందే మొదలై ఉండాలె. సరిగ్గ ఎప్పుడో యాదికున్నదా? మొదట్ల వస్తే గడ్డవరకు కోసి తీసేద్దుము. ఇప్పుడు ఎముకల దాంక పోయింది."

సాయవ్వకు యాదికి లేదు. అంజవ్వ అత్తగారింట్లో ఉంది, ఆమెకు తెలియదు. డాక్టరు భూపతి వైపు చూశాడు. భూపతి నేల చూశాడు.

అతనికి తెలుసు. తేదీతో సహా తెలుసు. ఇంటికొచ్చాక పెట్టె తెరిచి పాతకట్ట తీశాడు. అరవై ఒకటో కాగితంలో కుడిమడమ నేలకు ఆని ఉంది. అరవై రెండో కాగితంలో ఆనలేదు. మూలన తనచేత్తో వేసిన తేదీ, జూన్ పదకొండు. ఆ తర్వాతి కట్టల్ని వరసగా పేర్చి చూశాడు. జూలైలో పాదం అంచు నేలకు తగులుతోంది. ఆగస్టులో వేళ్లే తగులుతున్నాయి. సెప్టెంబరులో ఎడమచెయ్యి గాల్లో లేవడం మానేసి గోడవైపు చాచుకుంది. నడుము ఒరగడం కూడా నెలనెలకూ పెరుగుతూ వచ్చింది. ఏ డాక్టరూ రాసిపెట్టలేనంత శ్రద్ధగా, అక్క జబ్బు ముదరడమంతా అతనే గీసి పెట్టాడు. ఒక్కసారి కూడా, కాలికేమైంది అక్కా అని అడగలేదు.

ఆ కట్టల్ని చింపడానికి చేతిలోకి తీసుకున్నాడు. చింపలేకపోయాడు. పెట్టెలో వేసి మూత పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు.

పట్నం దవాఖానకు బొగ్గుతో నడిచే బస్సులో తీసుకుపోయారు. దారి ఎత్తుకు పోయే చడావులు వచ్చినప్పుడల్లా బస్సు ఆగిపోయేది. అందరూ దిగి నడిచేవాళ్లు, సాయవ్వ ఒక్కతే లోపల కూచునేది. దీపావళి తర్వాత నాలుగోరోజు ఆమె కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. తెలివి వచ్చాక ఆమె దుప్పటి కింద చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది. తర్వాత, "తమ్మీ, నీ పని అయిపోయిందా? ఇంక నడిచేదేమన్న మిగిలిందా?" అని అడిగింది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. అందుకే భూపతి లేచి వరండాలోకి పోయి, స్తంభం చాటున కూచుని ఏడ్చాడు.

ఇంటికి వచ్చాక అతను చంకకర్రలు చేయించాడు. ఆమెకు అవి అలవాటు కాలేదు. రెండుమూడుసార్లు పడింది. ఆ తర్వాత చేతులమీద జరుగుతూ వాకిట్లోకీ జాలాట్లోకీ పోయేది. భూపతి బొంబాయి తిరిగి పోలేదు. సేఠ్ రాసిన ఉత్తరాలకు జవాబు రాయలేదు. ఊళ్లో దుకాణాలకు బోర్డులు రాశాడు, బండ్ల చక్రాలకు రంగులు వేశాడు, వంట చేశాడు. అక్క వద్దన్నా రోజూ ఆమె మోకాలికి నూనె రాసేవాడు.

1944 ఎండాకాలంలో ఊరి బయట డేరా సినిమా దిగింది. రెండో రోజో మూడో రోజో, అసలు సినిమాకు ముందు వేస్తున్న చిన్న పిచ్చరులో ఒక ముసలిదీ మేకా ఉన్నాయని పిల్లలు వీధిలో చెప్పుకుంటూ పోయారు. ఫిల్ము దొరక్క రెండేళ్లు ఆగిపోయిన ఆ బొమ్మ ఎట్టకేలకు బయటికి వచ్చింది. భూపతి ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. సాయవ్వకు గోడమీంచి సాయిబుల ఆడవాళ్లు చెప్పారు.

"నన్ను తీస్కపోవా?" అని అడిగింది.

"ఎందుకక్కా. గుంపుల కష్టమైతది."

"రెండు కాళ్లతోని నడిచిననాడు నువ్వు సూసినవు. నేను సూడొద్దా?"

అంజవ్వ ఇంటాయన బండి తెచ్చాడు. సాయవ్వ గుంపులో నేలమీద కూచోలేదని డేరావాళ్లు వెనకవైపు గుడ్డ ఎత్తి, బండిని అక్కడే నిలబెట్టుకోనిచ్చారు. చీకటి పడుతుండగా ఆట మొదలైంది. బండిలో గడ్డిమీద సాయవ్వ, పక్కన భూపతి. అంజవ్వ, భర్త లోపలికి పోయి కూచున్నారు.

తెరమీద బాజా మోగింది. మేక చాకలి మూటలోని చీర నమిలింది. జనం నవ్వారు. బందెలదొడ్డి వాడు మేకను తోలుకుపోయాడు. అప్పుడు గుడిసె తలుపు తెరుచుకుని ముసలవ్వ బయటికి వచ్చింది. గోడంత ఎత్తున నడిచింది. పాదం అంచు తగిలి, దబ్బున ఎడమకాలు పడి, నడుము ఒరిగి, చెయ్యి లేచి దిగింది. బాజావాడు ఆ కుంటి అడుగుకు సరిగ్గా ఒక డప్పుదెబ్బ కలిపాడు. డేరా మొత్తం ఒక్కసారిగా గొల్లుమంది. మళ్లీ అడుగు, మళ్లీ దెబ్బ, మళ్లీ నవ్వు. ముందు వరసలో ఎవరో లేచి అట్లాగే కుంటి చూపించాడు.

భూపతి చెవులు మూసుకుని, మళ్లీ చేతులు దించుకున్నాడు. సాయవ్వ కదలకుండా చూస్తోంది. గట్టెక్కే నడక వచ్చింది. బురద నడక వచ్చింది. ప్రతి నడకలోనూ ఏ నెలదో అతనికి తెలుస్తోంది. ఇది జూలై. ఇది ఆగస్టు.

"నవ్వుతున్నరు," అంది సాయవ్వ మెల్లగా. "అంటే మంచిగ కుదిరినట్టే గదరా?"

"అక్కా." అతను ఆమె వైపు తిరిగాడు. "నాకు ఎరుకే అక్కా. నువ్వు కుంటుడు షురువైన దినమే నాకు ఎరుక. డాక్టరు అడిగిననాడు నేను చెప్పలే. తారీఖు రాసుకున్న. కాలికేమైందని ఒక్కపారన్న అడుగకపోతి. సక్కగ నడుస్తుంటే గూడ, గట్లనే కుంటుమంటి."

సాయవ్వ తెరమీంచి చూపు తిప్పలేదు. ముసలవ్వ మేకను మెడపట్టి గుంజుకుంటూ ఇంటిదారి పట్టింది.

"ఎరుకే," అంది. "నువ్వు అడుగుతవని సూసిన. నాలుగు దినాలు సూసిన. అడిగితే చెప్తుంటి."

అంతే అంది. బొమ్మ అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఆమె బండి గుంజకు ఆనుకుని కళ్లు మూసుకుంది. అసలు సినిమా మొదలవుతుండగా, ఇంటికి పోదామంది. అంజవ్వ ఇంటాయన వచ్చి బండి తోలాడు. దారిలో బండి కుదుపుకు ఆమె ఒరిగిపోతుంటే భూపతి భుజం పట్టుకున్నాడు. ఆమె ఆ చెయ్యి తీసెయ్యలేదు.

తర్వాత కూడా వాళ్లు ఎప్పటిలాగే ఉన్నారు. తిట్టుకోలేదు, ఆ మాట మళ్లీ ఎత్తుకోలేదు. కానీ అంతకుముందు సాయవ్వ ఏదో ఒకటి చెబుతూ ఉండేది, అత్తగారింటి సంగతులు, గుట్టమీద చూసిన నక్క సంగతి. ఆ రోజు నుంచి, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పేది. అడగడం భూపతికి చేతనయ్యేది కాదు. ఏం అడగాలో తోచేది కాదు. ఆకలైతుందా అక్కా, దాహమైతుందా అక్కా, అంతవరకే.

మరుసటేడు వానల్లో జ్వరం పట్టుకుని తొమ్మిదో రోజున ఆమె పోయింది.

దినాలు అయ్యాక అంజవ్వ చింతమడకకు బయల్దేరుతూ మామ దగ్గరికి వచ్చింది. ఒళ్లో నాలుగు నెలల ఆడపిల్ల. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచి ఉన్నాయి. జాలాట్లో ఆ రోజు అరిచిన తర్వాత ఆమె మామతో ఎప్పుడూ కటువుగా మాట్లాడలేదు, ఆప్యాయంగానూ మాట్లాడలేదు.

"మామా, అవ్వది ఒక్క ఫోటువ గూడ లేదు. నా బిడ్డకు అమ్మమ్మ ఎట్లుంటుండెనో చూపియ్యాలె. జర అవ్వ మొగం గీసియ్యి."

భూపతి తలూపి కాగితం తీసుకున్నాడు. గడప దగ్గర కూచున్నాడు. పెన్సిలు పెట్టగానే చెయ్యి దానంతటదే కదిలింది. పొడుగాటి ముక్కు వచ్చింది. చూసుకుని, ఉలిక్కిపడి, ఆ కాగితం మడిచి పక్కన పెట్టాడు. ఇంకొకటి తీశాడు. ఈసారి నుదుటి నుంచి మొదలుపెట్టాడు, పాపట గీశాడు, చెవులు గీశాడు. నడుమ ఖాళీ దగ్గర ఆగిపోయాడు. ఆమె మడమ పగుళ్లు ఎన్నో అతనికి తెలుసు. చిటికెనవేలు ఎటు వంగిందో తెలుసు. మొహం దగ్గరికి వచ్చేసరికి ఏదీ నిలవడం లేదు. ఊహించి గీశాడు. అంజవ్వ చూసి, తల అడ్డంగా ఊపింది.

"గిది అవ్వ కాదు మామా."

మూడోది గీశాడు. అదీ కాదు. నాలుగోది చూపించకుండానే పక్కన పెట్టాడు. బయట బండికి ఎద్దుల్ని కడుతున్నారు. అంజవ్వ ఇంటాయన ఒకసారి లోపలికి తొంగి చూసి, మళ్లీ వెనక్కి పోయాడు.

భూపతి పెన్సిలు కిందపెట్టాడు. మేనకోడలి ఎదురుగా వచ్చి నేలమీద కూచున్నాడు.

"నాకు వస్తలేదు బిడ్డా," అన్నాడు. "నువ్వు చెప్పు. కండ్లు ఎట్లుంటుండె?"

అంజవ్వ ఒళ్లో పిల్లను ఈ మోకాలి మీంచి ఆ మోకాలి మీదికి మార్చుకుంది.

"ఎడమ కన్ను జర సన్నగుంటుండె," అంది. "నవ్వితే ముందుగాల గదే మూసుకుంటుండె."

భూపతికి ఆ సంగతి తెలియదు.